ఆజ్ఞ, ప్రతి, అంచనా: ఐచ్ఛిక చలనంలో ఇంద్రియజ్ఞానం గురించిన ఒక భావన చరిత్ర

వ్యాససంగ్రహం

మన కదలిక వల్ల కలిగే ఇంద్రియానుభవాన్నీ, బయటి ప్రపంచం కదలడం వల్ల కలిగే అనుభవాన్నీ మెదడు ఏ విధంగా వేరుచేస్తున్నదన్న ప్రశ్నకు రెండు శతాబ్దాల చరిత్ర ఉంది. మెదడులోని చాలక కేంద్రాలు కండరాలకు ఆజ్ఞ పంపేటప్పుడే ఇంద్రియ కేంద్రాలకూ ఒక సమాచారం అందిస్తాయన్న సమాధానం 1950లో రెండు వేర్వేరు పేర్లతో వెలువడింది. ఆ రెండు పేర్లనూ పర్యాయపదాలుగా వాడడం పరిపాటి. కాని వాటి వెనుక ఉన్న భావనలు ఒకటి కావనీ, తరువాతి పరిశోధన ఆ తేడాను బయటపెట్టిందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఐచ్ఛిక చలనం, చాలక కేంద్రాలు, ఆజ్ఞాప్రతి, అనుబంధ సంకేతం, పునరాగమం, విజ్ఞానశాస్త్ర చరిత్ర

ప్రవేశిక

ఒక కన్ను మూసి, తెరచిన కంటి బయటి కొసను రెప్ప మీదుగా వేలితో మెల్లగా అదిమితే ఎదుట ఉన్న గోడ, తలుపు, దీపం అన్నీ ఒక్కసారిగా పక్కకు జరిగినట్లు కనిపిస్తాయి. అదే కంటిని మన ఇష్టంతో ఎడమకూ కుడికీ తిప్పినప్పుడు గోడ కదలదు. రెండు సందర్భాలలోనూ నేత్రపటలం మీది బింబం జరుగుతున్నది. నిజానికి ఇష్టంతో తిప్పినప్పుడే అది ఎక్కువ దూరం జరుగుతుంది. అయినా ఒక కదలికను మనం ప్రపంచానికి ఆపాదిస్తాం, రెండవదానిని గమనించనైనా గమనించం.

ఈ తేడా ఎక్కడి నుంచి వస్తున్నది? కన్ను చూసినదానిలో ఆ తేడా లేదు. కాబట్టి కన్ను కదిలిందన్న వార్త మెదడుకు మరొక దారిలో అందుతూ ఉండాలి. ఆ దారి ఏదన్న విషయంలో శరీరధర్మశాస్త్రజ్ఞులు రెండు పక్షాలుగా చీలిపోయారు. కదిలిన కండరం నుంచి లోపలికి వచ్చే సంకేతమే ఆ వార్త అన్నది ఒక పక్షం. కదలమని బయటికి పంపిన ఆజ్ఞ నుంచే ఆ వార్త పుడుతుందన్నది రెండవ పక్షం. సౌలభ్యం కోసం మొదటిదాన్ని ఆగమవాదమనీ, రెండవదాన్ని నిర్గమవాదమనీ ఇక్కడ వ్యవహరిస్తాను. వ్యాకరణంలోని ఆగమంతో దీనికి సంబంధం లేదు. లోపలికి వచ్చేది అన్న మూలార్థంలోనే గ్రహించాలి.

నాడీశాస్త్రంలోని నేటి సమాచారాన్నంతా క్రోడీకరించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఒక భావన ఏయే ప్రయోగాల మీదుగా, ఏయే పేర్లతో నడిచి వచ్చిందో పరిశీలించడం వరకే దీని పరిధి.

కనుగుడ్డును నొక్కిన వేలు

స్కాట్లండుకు చెందిన చార్లెస్ బెల్ 1823లో కంటి కదలికల గురించి లండన్ రాయల్ సొసైటీకి ఒక పత్రం సమర్పించాడు. అందులో అతడు వివరించిన పరిశీలన నేటికీ ఎవరైనా చేసి చూడదగినది. ప్రకాశవంతమైన వస్తువును కొంతసేపు తదేకంగా చూసి కళ్ళు మూస్తే దాని ఆకారం చీకటిలో నిలిచి ఉంటుంది. ఈ అనుబింబం నేత్రపటలానికి అంటుకుని ఉన్నదే కనుక అది పటలం మీద ఎటూ జరగదు. అయినా మూసిన కంటిని మన ఇష్టంతో పక్కకు తిప్పితే అనుబింబం కూడా ఆ వైపుకు ప్రయాణం చేసినట్లు కనిపిస్తుంది. కంటిని వేలితో నెడితే మాత్రం అది ఉన్నచోటనే ఉంటుంది. చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే 1825లో వెలువరించిన తన గ్రంథంలో ఇదే రకం పరిశీలనలు చేశాడు.

గోడ ఉదాహరణను దీని పక్కన పెట్టి చూస్తే విషయం తేటతెల్లమవుతుంది. అక్కడ బింబం జరిగింది, ప్రపంచం నిలిచింది. ఇక్కడ బింబం నిలిచింది, ప్రపంచం జరిగింది. కంటిని తిప్పాలన్న సంకల్పం ఉన్నప్పుడు మెదడు బింబం స్థానానికి ఏదో ఒక సవరణను కలుపుతున్నదని భావిస్తే ఈ రెండూ ఒకే సూత్రానికి ఒదుగుతాయి. వేలు నెట్టినప్పుడు సంకల్పం లేదు, సవరణా లేదు.

ఇక్కడ ఒక చారిత్రక విశేషం గమనించదగినది. నిర్గమవాదానికి తొలి ఆధారాలలో ఒకటి అందించిన ఈ బెల్, 1826లో కండరానికీ మెదడుకూ మధ్య ఒక నాడీవలయం ఉన్నదని ప్రతిపాదించాడు. ఒక నాడి ఆజ్ఞను తీసుకువెళ్తుంది, మరొక నాడి కండరం స్థితిని తెలియజేస్తూ తిరిగి వస్తుంది. అంటే ఆగమవాదానికి కూడా అతడే ఒక పునాదిరాయి వేశాడు. తరువాతి వారు అతని పేరును తమ తమ పక్షాలకు వాడుకున్నారు గాని, అతనికి ఈ రెండింటి మధ్య విరోధం కనబడినట్లు లేదు.

సంకల్పమా? కండరమా?

వివాదానికి స్పష్టమైన రూపం ఇచ్చినవాడు హెర్మన్ ఫాన్ హెల్మ్‌హోల్ట్జ్. 1867లో పూర్తి అయిన తన దృష్టిశాస్త్ర గ్రంథంలో అతడు కంటి కండరాలకు పక్షవాతం సోకిన రోగుల అనుభవాన్ని సాక్ష్యంగా తీసుకున్నాడు. కుడికంటిని బయటివైపుకు తిప్పే కండరం పనిచేయని రోగి కుడివైపుకు చూడడానికి ప్రయత్నిస్తాడు. కన్ను కదలదు, నేత్రపటలం మీది బింబమూ కదలదు. కాని రోగికి ఎదుట ఉన్న వస్తువులన్నీ కుడికి గెంతినట్లు తోస్తుంది. కదలని కండరం కదిలానని వార్త పంపజాలదు. కాబట్టి చూపు దిశను మనం నిర్ణయించేది కండరం చెప్పినదాన్ని బట్టి కాదు, కంటిని తిప్పడానికి చేసిన సంకల్పప్రయత్నాన్ని బట్టి అని హెల్మ్‌హోల్ట్జ్ నిర్ణయానికి వచ్చాడు.

ఎర్న్‌స్ట్ మాహ్ ఇదే అనుభవాన్ని ఆరోగ్యవంతమైన కళ్ళలో కలిగించాలని చూశాడు. కళ్ళను పూర్తిగా ఎడమకు తిప్పి, కనుగుడ్ల కుడిపక్కన మెత్తని లప్పం ముద్దలను గట్టిగా అదిమి పెట్టాడు. అప్పుడు కుడికి చూడబోతే కళ్ళు సరిగా తిరగలేదు గాని, దృశ్యం మాత్రం కుడికి జరిగింది. 1886 నాటి గ్రంథంలో అతడు ఈ ప్రయోగాన్ని వర్ణించిన తీరు చదివితే ఆ కాలపు శాస్త్రజ్ఞులు తమ శరీరాలనే ప్రయోగశాలలుగా ఎంత నిర్మొహమాటంగా వాడుకున్నారో తెలుస్తుంది.

విల్‌హెల్మ్ వుంట్ ఈ వాదాన్ని మరొక మెట్టు ఎక్కించి, ఆజ్ఞ బయలుదేరడాన్నే మనం ఒక అనుభూతిగా పొందుతామన్నాడు. విలియం జేమ్స్‌కు అభ్యంతరం కలిగింది ఇక్కడే. 1890 నాటి తన మనస్తత్వశాస్త్ర గ్రంథంలో అతడు హెల్మ్‌హోల్ట్జ్ రోగిని మళ్ళీ పరీక్షకు నిలబెట్టాడు. రోగి కుడికన్ను కదలకపోవచ్చు, కాని మూసి ఉంచిన ఎడమకన్ను మాటేమిటి? రెండు కళ్ళూ జంటగా కదలడానికి అలవాటుపడినవి. ఆరోగ్యంగా ఉన్న ఎడమకన్ను కుడికి తిరిగే ఉంటుంది. దాని కండరాల నుంచి వచ్చిన సంవేదనే రోగిని భ్రమింపజేసి ఉండవచ్చు గదా! ఈ ఆక్షేపణ పదునైనది. నిర్గమవాదులు దీనికి వెంటనే తగిన జవాబు చెప్పలేకపోయారు.

తరువాతి కాలంలో ఆగమవాదానికి చార్లెస్ షెరింగ్టన్ అండ లభించింది. కండరాలలో, కీళ్ళలో ఉండే గ్రాహకాల ద్వారా శరీరం తన స్థితిని తాను తెలుసుకోవడాన్ని ‘ప్రొప్రియోసెప్షన్’ అనే పేరుతో అతడు 1906 నాటికి స్థిరపరచాడు. ఆ పేరుకున్న అధికారం ఎంతటిదంటే, ఎదురు సాక్ష్యాలు వచ్చినా చాలాకాలం పక్కన పడి ఉన్నాయి. 1917లో కార్ల్ లాష్లీ వర్ణించిన రోగి ఇందుకు ఉదాహరణ. తుపాకి గుండు వెన్నుపామును గాయపరచడం వల్ల అతనికి తన మోకాలు ఎటు కదిలిందీ తెలియదు. అయినా కోరిన మేరకు కాలు కదపమంటే తగినంత కచ్చితంగా కదపగలిగాడు. 1931లో కోర్న్‌ముల్లర్ తన కంటి కండరాలకే మత్తుమందు ఇచ్చుకుని, కంటిని తిప్పబోతే దృశ్యం కదలడాన్ని గమనించాడు. ఈ రెండు వార్తలూ అప్పట్లో సంచలనమేమీ కలిగించలేదు.

1950: ఒక సంవత్సరం, రెండు పేర్లు

ఎరిక్ ఫాన్ హోల్స్ట్, హార్స్ట్ మిట్టెల్‌ష్టెట్ అనే ఇద్దరు జర్మన్ శాస్త్రజ్ఞులు 1950లో ఒక జర్మన్ పత్రికలో సుదీర్ఘమైన వ్యాసం ప్రకటించారు. పునరాగమ సూత్రం అనేది దాని శీర్షికలోని ముఖ్యపదం. వారి వాదానికి ఆధారం ఎరిస్టాలిస్ అనే ఈగ.

నిలువు చారలు గీసిన గుండ్రని గోడ లోపల ఈగను ఉంచి ఆ గోడను తిప్పితే ఈగ కూడా అదే దిక్కుకు తిరుగుతుంది. దృశ్యం జారిపోకుండా పట్టుకోవడానికి చేసే ప్రతిచర్య ఇది. కాని గోడ నిశ్చలంగా ఉండగా ఈగ తనంత తాను పక్కకు తిరిగినప్పుడు కూడా చారలు దాని కంటిలో జారుతాయి. మరి ఆ ప్రతిచర్య అప్పుడు ఈగను వెనక్కు లాగి, తిరగనివ్వకుండా ఎందుకు చేయదు? తనంత తాను కదిలే సమయంలో ప్రతిచర్య అణగి ఉంటుందన్నది అప్పటి సులభమైన సమాధానం.

దాన్ని పరీక్షించడానికి వారు ఈగ తలను మెడ వద్ద 180 డిగ్రీలు తిప్పి ఛాతీకి అంటించారు. ఎడమకన్ను కుడికీ కుడికన్ను ఎడమకూ వచ్చాయి. ఇప్పుడు గోడను తిప్పితే ఈగ వ్యతిరేక దిక్కుకు తిరిగింది, ఇది ఊహించదగినదే. కదిలేటప్పుడు ప్రతిచర్య అణగి ఉంటుందన్న మాట నిజమైతే, నిశ్చలమైన గోడ నడుమ ఈ ఈగ స్వేచ్ఛగా నడవగలగాలి. అలా జరగలేదు. తిరగబోయిన ప్రతిసారీ అది ఆగకుండా చిన్న చిన్న వలయాలుగా గిర్రున తిరిగిపోయింది.

అంటే ప్రతిచర్య అణగలేదు. ఈగ నాడీమండలం ఒక నిర్దిష్టమైన దృశ్యచలనాన్ని ఎదురుచూసింది. దానికి సరిగ్గా తలకిందులైనది వచ్చింది. రద్దు కావలసిన రెండు సంకేతాలు కూడి రెట్టింపయ్యాయి. ఫాన్ హోల్స్ట్, మిట్టెల్‌ష్టెట్ దీన్ని ఇలా సిద్ధాంతీకరించారు. పై కేంద్రం నుంచి ఆజ్ఞ కండరానికి వెళ్తూ దారిలో ఒక దిగువ కేంద్రం వద్ద తన నకలును వదలివెళ్తుంది. కదలిక ఫలితంగా ఇంద్రియం నుంచి తిరిగి వచ్చేది పునరాగమం. అది వ్యతిరేక చిహ్నంతో ఆ నకలును కలిసి రద్దవుతుంది. రద్దు కాగా మిగిలినదేదైనా ఉంటే అదే బాహ్య ప్రపంచపు వార్తగా పైకి వెళ్తుంది. ఆ నకలుకు ‘ఎఫరెన్స్ కాపీ’ అన్న పేరు స్థిరపడింది.

దీన్ని తెలుగులో ‘ఆజ్ఞాప్రతి’ అనవచ్చు. మన భాషలో ‘ప్రతి’ అన్న మాటకు నకలు అనే అర్థమూ ఉంది, ప్రతిఘటనలో వలె ఎదురు అనే అర్థమూ ఉంది. ఆజ్ఞకు నకలై, తిరిగి వచ్చిన సంకేతానికి ఎదురై నిలిచే ఈ భావనకు ఇంతకన్న అమరిన మాట జర్మన్‌లో కూడా దొరకదనుకుంటాను. అయితే మాట బాగా అమరినంత మాత్రాన భావన సరైనది కానక్కరలేదు.

అదే 1950లో చికాగోలో ఉన్న రోజర్ స్పెర్రీ చేపల మీద చేసిన పనిని ప్రకటించాడు. అతని ఆసక్తి మొదట వేరు. తెగిన దృక్‌నాడి మళ్ళీ పెరిగి తన స్థానాన్ని ఎలా కనుగొంటుందన్నది అతన్ని వేధించిన ప్రశ్న. అందుకోసం కన్నును గుంటలోనే 180 డిగ్రీలు తిప్పిన జంతువులను గమనిస్తూ ఉండగా, అవి కదలబోతే వలయాలుగా తిరగడం కనిపించింది. జర్మనీలోని ఈగ కథే ఇక్కడ చేపలో పునరావృతమైంది. కదలికను పుట్టించే చాలక ఉద్దీపనకు అనుబంధంగా ఒక సంకేతం దృష్టికేంద్రాలకు వెళ్ళి, రాబోయే దృశ్యచలనానికి వాటిని సిద్ధం చేస్తుందని స్పెర్రీ ఊహించాడు. దానికి అతడు పెట్టిన పేరు ‘కొరోలరీ డిస్చార్జ్’, అంటే అనుబంధ సంకేతం.

పాఠ్యగ్రంథాలు ఈ రెండు పేర్లనూ ఒకే వస్తువుకు రెండు పేర్లుగా చెప్పి ముందుకు సాగుతాయి. నా దృష్టిలో అది తొందరపాటు. ఆజ్ఞాప్రతి అన్నప్పుడు మూడు విషయాలను ముందే అంగీకరించినట్లవుతుంది: అక్కడ ఉన్నది కండరానికి వెళ్ళిన ఆజ్ఞకు యథాతథమైన నకలు, అది కండరానికి చేరువలోని దిగువ కేంద్రంలో ఉంటుంది, అది చేసే పని తీసివేత. అనుబంధ సంకేతం అన్న మాట ఇందులో ఏదీ చెప్పదు. చాలక కేంద్రం నుంచి ఇంద్రియ కేంద్రానికి ఏదో ఒకటి వెళ్తుందనీ, అది రాబోయేదానికి సంబంధించినదనీ మాత్రమే అంటుంది. మొదటిది గట్టిగా చెప్పింది కాబట్టి ప్రసిద్ధమైంది. రెండవది తక్కువ చెప్పింది కాబట్టి నిలబడింది.

కదలని కన్ను

జేమ్స్ ఆక్షేపణకు జవాబు 1960లో గాని రాలేదు. బ్రిండ్లీ, మెర్టన్ అనే ఇద్దరు ఆంగ్ల శాస్త్రజ్ఞులు కనుగుడ్డు పైపొరకు మత్తు ఇచ్చి, చూపును మూసి, కంటిని పట్టుకారుతో పక్కకు తిప్పారు. కన్ను తిరిగిందన్న సంగతి ఆ మనిషికి తెలియలేదు. కంటిని కదలకుండా పట్టుకుని తిప్పమంటే, తిరిగినట్లే తోచింది. కంటి విషయంలో కండరం మాటకు పెద్ద విలువ లేదని దీనితో తేలినట్లయింది.

అయితే కథ అంత నేరుగా ముగియలేదు. 1976లో జాన్ స్టీవెన్స్ తన శరీరమంతటినీ మందుతో నిశ్చేష్టం చేయించుకుని పరీక్షించుకున్నాడు. కంటిని తిప్పబోతే, హెల్మ్‌హోల్ట్జ్ రోగికి వలె దృశ్యం గెంతలేదు; స్థానం మారిందన్న భావన మాత్రం కలిగింది. 1982లో మాటిన్ బృందం మరొక మెలికను చూపింది. పాక్షికంగా స్తంభించిన కళ్ళతో చీకటిలో ఒక దీపాన్ని చూస్తే దాని స్థానం గురించి పెద్ద పొరపాటు కలుగుతుంది. గదిలో వెలుతురు వేసి చుట్టూ వస్తువులు కనబడనిస్తే ఆ పొరపాటు పోతుంది. అంటే లోపలి సంకేతం ఒక సాక్షి మాత్రమే. చూడదగిన పరిసరాలు ఉన్నప్పుడు మెదడు వాటినే ఎక్కువగా నమ్ముతుంది. యథాతథమైన నకలును యథాతథంగా తీసివేసే యంత్రం అలా ప్రవర్తించదు.

ప్రతి కాదు, అంచనా

ఆజ్ఞాప్రతి అన్న భావనను అన్నిటికంటె లోతుగా కదిలించినది ఆఫ్రికా నదులలో నివసించే, బలహీనమైన విద్యుత్తును విడుదల చేసే చేప. మోర్మిరిడ్ కుటుంబానికి చెందిన ఈ చేప తోక దగ్గరి అవయవంతో విద్యుత్ స్పందన వెలువరిస్తూ, చర్మంలోని గ్రాహకాలతో పరిసరాలను పసిగడుతుంది. తన స్పందనను తానే వినవలసిన స్థితి దానిది. కర్టిస్ బెల్ (పైన చెప్పిన బెల్‌కు పేరులో తప్ప సంబంధం లేదు) 1981లో ప్రకటించిన ప్రయోగంలో చేపను మందుతో స్తంభింపజేశాడు. మెదడు ఆజ్ఞ ఇస్తూనే ఉంటుంది, విద్యుత్తు మాత్రం వెలువడదు. అప్పుడు ఆజ్ఞ వెలువడిన ప్రతిసారీ ఒక కృత్రిమ విద్యుత్ స్పర్శను జతచేస్తూ పోయాడు. కొన్ని నిమిషాల తరువాత ఆ స్పర్శను హఠాత్తుగా ఆపితే, ఆజ్ఞతో పాటు ఇంద్రియకేంద్రంలో ఆ స్పర్శకు తలకిందులైన ప్రతిస్పందన కనిపించింది. కొంతసేపటికి అది చెరిగిపోయింది.

ఆజ్ఞ మారలేదు. దానికి నకలు ఉంటే అదీ మారరాదు. మారినది ఆ ఆజ్ఞ ఫలితంగా ఏమి వస్తుందన్న అంచనా. అది అనుభవం నుంచి నేర్చుకున్నది. తాళపత్ర ప్రతులతో పరిచయమున్న పాఠకులు ఇక్కడ ఒక పోలిక తీసుకోవచ్చు. ఇది మూలాన్ని చూసి రాసిన ప్రతి కాదు. పాఠకుడు ఏమి అంటాడో ఊహించి ముందే రాసిపెట్టిన సమాధానం. చిత్రమేమంటే కర్టిస్ బెల్ తన పత్రానికి పెట్టిన పేరులో ‘ఎఫరెన్స్ కాపీ’ అనే వాడాడు. పాత పేరు కొత్త సాక్ష్యం మీద కూడా అలా పరుచుకుంది.

తరువాతి దశాబ్దాలలో ఈ సంకేతం నడిచే దారులు ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. 1992లో డ్యుహామెల్, కోల్బీ, గోల్డ్‌బర్గ్ కోతి పార్శ్వ మస్తిష్కంలోని కొన్ని నాడీకణాలు కన్ను కదలబోయే ముందే, కదిలాక తమ పరిధిలోకి వచ్చే స్థానానికి స్పందించడం చూశారు. 2002లో సోమర్, వుర్ట్స్ మధ్యమెదడు నుంచి థాలమస్ మీదుగా ముందుమెదడులోని దృష్టిచాలక ప్రాంతానికి వెళ్ళే దారిని గుర్తించారు. థాలమస్‌లోని ఆ మజిలీని తాత్కాలికంగా నిద్రపుచ్చితే, కోతి మొదటి చూపును సరిగానే వేసింది. దాని వెంటనే వేయవలసిన రెండవ చూపు గురి తప్పింది. తన కన్ను ఎక్కడికి వెళ్ళిందో దానికి పూర్తిగా తెలియలేదు. ఈ సంకేతం ఫాన్ హోల్స్ట్ ఊహించినట్లు దిగువ కేంద్రంలో ఆగలేదు, పైకి ప్రయాణం చేసింది.

కీచురాయిలో పౌలెట్, హెడ్విగ్ 2006లో ఇదే పని చేసే ఒకే ఒక్క నాడీకణాన్ని పట్టుకున్నారు. అది రెక్కలు రాసి గట్టిగా కూసేటప్పుడు తన చెవి తన కూతకే మొద్దుబారకుండా ఆ కణం కాపాడుతుంది. మౌనంగా ఉన్న కీచురాయిలో ఆ కణాన్ని ప్రేరేపిస్తే, బయటి శబ్దానికి దాని శ్రవణకణాలు ఇచ్చే స్పందన తగ్గిపోయింది. ఎలుకలలో చాలక వల్కలం నుంచి శ్రవణ వల్కలానికి నేరుగా వెళ్ళి, అక్కడి నిరోధక కణాలను మేల్కొల్పే దారిని ష్నైడర్, నెల్సన్, మూనీ 2014లో చూపారు. ఒకచోట తీసివేత, ఒకచోట స్థానం సవరణ, ఒకచోట కేవలం గొంతు తగ్గించడం. పని ఒకటి కాదు, దారి ఒకటి కాదు. స్పెర్రీ మాటలోని వెసులుబాటు ఇక్కడ అక్కరకు వచ్చింది.

చక్కిలిగింతలు, గొంతులు

మనకు మనమే చక్కిలిగింతలు పెట్టుకోలేమన్నది పిల్లలకు కూడా తెలిసిన సంగతి. 1971లో వైస్‌క్రాంట్జ్ బృందం దాన్ని కొలిచి చూసింది. 1998లో సారా బ్లేక్‌మోర్, డేనియల్ వోల్పర్ట్, క్రిస్ ఫ్రిత్ మెదడు చిత్రణ ద్వారా ఇందులో చిన్నమెదడు పాత్రను సూచించారు. మరుసటి సంవత్సరం వారు ఒక చేతి కదలికను యంత్రం ద్వారా రెండవ చేతికి అందిస్తూ, మధ్యలో సెకనులో పదోవంతు మొదలు మూడు పదోవంతుల వరకు ఆలస్యం కల్పించారు. ఆలస్యం పెరిగే కొద్దీ తన స్పర్శే పరాయి స్పర్శలా చక్కిలిగింతలు పెట్టసాగింది. అంచనా సమయానికి సరిపోకపోతే ‘నాది’ అన్న ముద్ర పడదన్నమాట.

ఇక్కడి నుంచి ఈ చరిత్ర వైద్యశాలలోకి ప్రవేశించింది. ఆలోచన కూడా ఒక రకమైన చర్యే అయితే దానికీ అనుబంధ సంకేతం ఉండాలనీ, అది చెడితే తన ఆలోచనే ఎవరో చెవిలో చెప్పినట్లు వినబడవచ్చుననీ ఇర్విన్ ఫైన్‌బర్గ్ 1978లో ప్రతిపాదించాడు. స్కిజోఫ్రినియాలో వినబడే గొంతులకు ఇది వివరణ కాగలదన్నది అతని ఊహ. ఫోర్డ్, మాథలన్ 2001లో మెదడు తరంగాలను కొలిచి కొంత ఆధారం చూపారు. మామూలు మనుషులు మాట్లాడేటప్పుడు తమ గొంతుకు శ్రవణకేంద్రం ఇచ్చే స్పందన తగ్గుతుంది. ఈ రోగులలో ఆ తగ్గుదల కనబడలేదు.

ఈ ఊహను జాగ్రత్తగా పట్టుకోవాలి. చలనం విషయంలో రుజువైన యంత్రాంగం ఆలోచన విషయంలో కూడా ఉన్నదనడం ఇంకా పోలిక స్థాయిలోనే ఉంది. గొంతులు వినేవారిలో చాలామందికి అవి తమ గొంతులా ఉండవు. వాటికి వేరే వ్యక్తిత్వం, వేరే లింగం, వేరే కోపం ఉంటాయి. సంకేతం తప్పినంత మాత్రాన ఇదంతా ఎలా వస్తుందో ఈ సిద్ధాంతం చెప్పదు.

అయినా కొలవడానికి వీలైన చోట ఒక ఫలితం ఆలోచింపజేస్తుంది. షెర్గిల్ బృందం 2003లో ఆరోగ్యవంతులను జంటలుగా కూర్చోబెట్టి, ఎదుటివారు తమ వేలి మీద ఎంత బలంతో నొక్కారో అంతే బలంతో తిరిగి నొక్కమంది. ఎవరూ మోసం చేయకపోయినా ప్రతి వంతుకూ బలం పెరుగుతూ పోయింది. తాము చేసిన ఒత్తిడిని మెదడు తక్కువ చేసి చూపడం వల్ల, సమానంగా నొక్కుతున్నామనుకుంటూ వారు ఎక్కువ నొక్కారు. పిల్లల కొట్లాటలలో ‘వాడే గట్టిగా కొట్టాడు’ అని ఇద్దరూ నిజాయితీగా చెప్పడం ఇలాంటిదే కావచ్చు. 2005లో అదే బృందం స్కిజోఫ్రినియా ఉన్నవారికి, యంత్రం తమ వేలి మీద పెట్టిన ఒత్తిడిని తిరిగి తామే కల్పించే పని ఇచ్చింది. పోలిక కోసం తీసుకున్న ఆరోగ్యవంతులు మళ్ళీ అవసరానికి మించి నొక్కారు. రోగులు వారికంటె సరిగ్గా, అసలు బలానికి దగ్గరగా నొక్కారు.